వేలంపాటలో వినిపించని అంకె

2024 నవంబరు 24న సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో లఖ్‌నవూ జట్టు రిషభ్ పంత్‌ను ₹27 కోట్లకు పాడుకుంది. అంతకు కాసేపటి ముందే శ్రేయస్ అయ్యర్ మీద పంజాబ్ ₹26.75 కోట్లు పెట్టింది. సుత్తి దెబ్బ చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే మన దగ్గర లెక్కలు మొదలవుతాయి, ఏటా అంతే. ఈ సొమ్ముతో ఎంతమంది టీచర్లకు జీతాలు ఇవ్వొచ్చు, ఎన్ని ఆసుపత్రులు కట్టొచ్చు, సియాచిన్ మంచులో కాపలా కాసే జవానుకు నెలకెంత, ఏసీ బస్సులో తిరిగే బ్యాటరుకు బంతికెంత. ఈ మాట టీ కొట్టు దగ్గరా వినిపిస్తుంది, పత్రికల సంపాదకీయాల్లోనూ కనిపిస్తుంది. చులకనగా తీసిపారేయాల్సిన మాట కూడా కాదు. ఒక సమాజం దేన్ని గౌరవిస్తుందో అది ఎవరికెంత ఇస్తుందో చూస్తే తెలుస్తుందనీ, పిల్లలకు అక్షరాలు నేర్పేవాళ్లకంటే సిక్సర్లు కొట్టేవాళ్లకు వెయ్యి రెట్లు ఇచ్చే సమాజంలో ఏదో తేడా ఉందనీ అందులోని వాదన. తేడా ఉన్నమాట నిజమే. అయితే అది ఆటగాడి జేబులో లేదు. అక్కడే ఉందని వెతుకుతున్నంత కాలం అసలు డబ్బు ఎటు పోతోందో మనకు కనిపించదు. క్రికెటర్లకు, కనీసం ఐపీఎల్ క్రికెటర్లకు, ఇస్తున్నది ఎక్కువ కాదు, తక్కువ.

మొదట టీచరు సంగతి. ఆటగాడి సొమ్మునూ పంతులుగారి జీతాన్నీ పక్కపక్కన పెట్టే ప్రతివాడూ అవి రెండూ ఒకే సంచిలోంచి వస్తున్నట్టు అనుకుంటాడు. అక్కడ తగ్గిస్తే ఇక్కడ పెరుగుతుందని అతని భావన. 2023 డిసెంబరులో ఈ పోలికను సరిచూసుకునే అవకాశం మనకే దొరికింది. ఆ నెల 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ అక్కలు సమ్మెకు దిగారు. నెలకు ₹11,500 చాలడం లేదన్నారు. సమ్మె 42 రోజులు నడిచింది, మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించింది. సమ్మె మొదలైన వారానికి, 19న, దుబాయ్‌లో వేలం జరిగింది. హైదరాబాద్ సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌ను ₹20.5 కోట్లకు, కోల్‌కతా మిచెల్ స్టార్క్‌ను ₹24.75 కోట్లకు కొన్నాయి. సరే, కమిన్స్ ఆ రోజు రెండు కోట్లకే దొరికాడనుకుందాం. మిగిలిన పద్దెనిమిదిన్నర కోట్లు ఎక్కడికి పోయేవి? అనంతపురంలోనో పాడేరులోనో ఉన్న అంగన్‌వాడీ కేంద్రానికి మాత్రం పోవు. సన్‌రైజర్స్ వాళ్లు వాటితో మరొకరిని కొనేవాళ్లు, లేదా తమ ఖాతాలోనే ఉంచుకునేవాళ్లు. అంగన్‌వాడీ జీతం రాష్ట్ర బడ్జెట్లో తేలే విషయం, శాసనసభలో అడగాల్సిన విషయం. దాన్ని క్రికెటరు మీదికి నెట్టేస్తే ఎక్కువ సంతోషించేది బడ్జెట్ రాసినవాళ్లే. ఇక్కడ ఒక తమాషా కూడా ఉంది. 2018 నుంచి 2022 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులకు స్టార్ ఇండియా ఇచ్చింది ₹16,347.5 కోట్లు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో ప్రకటించిన టీచరు పోస్టులు 16,347. అంకెలు కలిశాయి కదా అని ఖాతాలు కలవవు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరే. క్రికెట్ చూడటం వల్ల పుట్టిన డబ్బు ఎలాగూ పుట్టింది. మనం చూశాం, మనకు ప్రకటనలు చూపించారు, ఆ ప్రకటనల కోసం కంపెనీలు డబ్బు కట్టాయి. ఆ డబ్బులో ఆడినవాడికెంత, ఆడించినవాడికెంత? ఈ లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, అంకెలన్నీ బహిరంగంగానే ఉన్నాయి. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ప్రసార హక్కులను బీసీసీఐ 2022 జూన్‌లో ₹48,390 కోట్లకు అమ్మింది. లెక్కలోకి తీసుకున్న మ్యాచ్‌లు 410. అంటే మ్యాచ్‌కు దాదాపు ₹118 కోట్లు. టీ20 మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి ఆడేది 240 బంతులు. బంతికి ఎంత అని అడగడం మనకు సరదా కాబట్టి అదీ చూద్దాం: ఒక్క బంతి ఖరీదు ₹49 లక్షలు. వైడో, డాట్ బాలో, క్యాచ్ జారవిడిచిన బంతో, ఏదైనా సరే. ఇప్పుడు జెడ్డాకు వెళ్దాం. అక్కడ వేలంలో ఒక ఆటగాడి కనీస ధర ₹30 లక్షలు, అదీ సీజన్ మొత్తానికి. కనీస ధరకు అమ్ముడైన కుర్రవాడు రెండు నెలల పాటు నెట్స్‌లో చెమటోడ్చి, బౌండరీ దగ్గర డైవ్‌లు కొట్టి, ఎండలో మోకాళ్లు అరగదీసుకుంటే, మ్యాచ్ ఫీజులు పక్కనపెడితే, అతనికి దక్కేది టీవీలో ఒక బంతి ధరకంటే తక్కువ.

పైనున్న తారలను కూడా కలుపుకునే మొత్తం లెక్క చూద్దాం. సీజన్‌కు 74 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు ₹118 కోట్లు, ఏడాదికి ₹8,700 కోట్ల పైమాటే. ఇది ప్రసార హక్కులు మాత్రమే. టైటిల్ స్పాన్సర్‌గా టాటా ఐదేళ్లకు ఇస్తున్న ₹2,500 కోట్లు, టికెట్లు, జెర్సీల మీద బొమ్మలు, ఫ్రాంచైజీల సొంత స్పాన్సర్లు, ఇవేవీ ఇందులో లేవు. ఇక ఖర్చు వైపు చూస్తే, 2025 సీజన్‌కు ఒక్కో జట్టుకు వేలం పర్సు ₹120 కోట్లు. మ్యాచ్ ఫీజులు, ప్రదర్శనను బట్టి ఇచ్చే అదనపు మొత్తం కూడా కలుపుకుంటే జట్టు దాటకూడని గరిష్ఠ పరిమితి ₹146 కోట్లు. పది జట్లూ ఆ పరిమితి అంచుదాకా ఖర్చు పెట్టాయనే ఉదారంగా అనుకుందాం, ₹1,460 కోట్లు. టీవీ డబ్బులోనే అది ఆరో వంతు. మిగిలిన రాబడిని కూడా కలిపితే ఆ వంతు ఇంకా చిక్కిపోతుంది. అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఆ ఆట రాబడిలో దాదాపు సగం ఒప్పందం ప్రకారమే వస్తుంది. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 2020 ఒప్పందం ఆటగాళ్ల వాటాను కనీసం 48 శాతం అని రాసుకుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు మొత్తంగా తమ ఆదాయంలో సగానికి పైగానే జీతాలకు పెడుతున్నాయి. ఆ దేశాల్లో కూడా ఆటగాళ్లకు ఎక్కువ ఇస్తున్నారని గొణిగేవాళ్లు ఉన్నారు. మనవాళ్లు ఆరో వంతుకే గొణుగుతున్నారు.

ఐపీఎల్ మొదటినుంచీ ఇలా లేదు, అదే విచిత్రం. 2008లో మొదటి వేలం నాటికి ఒక్కో జట్టు పర్సు 50 లక్షల డాలర్లు, జట్లు ఎనిమిది, మొత్తం గరిష్ఠంగా 4 కోట్ల డాలర్లు. అప్పుడు సోనీ, వరల్డ్ స్పోర్ట్ గ్రూపు కలిసి పదేళ్ల ప్రసారానికి ఒప్పుకున్నది 91.8 కోట్ల డాలర్లు, సగటున ఏడాదికి సుమారు 9.2 కోట్లు. అంటే ఆ లెక్కన టీవీ రూపాయిలో ఆటగాళ్ల పర్సు నలభై పైసలు దాటింది. పదిహేడేళ్లలో అది, మ్యాచ్ ఫీజులు కూడా కలుపుకున్నా, పదిహేడు పైసలకు దిగింది. 2008 నుంచి 2025 దాకా పర్సు ఆరు రెట్లయింది, టీవీ డబ్బు ఇరవై రెట్లు దాటింది. 2022లో పర్సు ₹90 కోట్లు, కొత్త హక్కులు అమలులోకి వచ్చిన 2023లో ₹95 కోట్లు. ఏడాది టీవీ రాబడి రెండున్నర రెట్లు దాటిన ఆ సంవత్సరం ఆటగాళ్ల పర్సుకు వచ్చిన పెంపు అదే, ఐదు కోట్లు. ఇక యజమానుల ఆస్తి సంగతి. 2008లో మన డెక్కన్ ఛార్జర్స్ ఫ్రాంచైజీ 10.7 కోట్ల డాలర్లకు పోయింది, అప్పటి మారకంలో సుమారు ₹430 కోట్లు. 2021లో లఖ్‌నవూ ఫ్రాంచైజీని ₹7,090 కోట్లకు కొన్నారు. పదహారు రెట్లు. ఆ ₹7,090 కోట్లు ఎక్కువని టీచర్ల జీతాలతో, జవాన్ల జీతాలతో పోల్చి బాధపడినవాళ్లు నాకు కనిపించలేదు. ఆటగాడి ధర టీవీలో సుత్తి కొట్టి చెబుతారు, హక్కుల ధర మరుసటి రోజు బిజినెస్ పేజీలో మూలన పడుతుంది. ఏది చప్పుడు చేస్తే దాని మీదే మన కోపం.

కోట్లాది మంది చూసే ఆటలో, వాళ్లను కూర్చోబెట్టినవాడికి ఇంత తక్కువ వాటా రావడం మామూలు విషయం కాదు. సినిమా వాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. పేరున్న తెలుగు హీరో పారితోషికం చాలకపోతే లాభాల్లో వాటా అడుగుతాడు, ఏదో ఒక ఏరియా హక్కులు తన పేరున రాయించుకుంటాడు. నిర్మాత కుదరదంటే ఇంకో నిర్మాత దగ్గరికి వెళతాడు. క్రికెటర్‌కు ఆ ఇంకో నిర్మాత లేడు. భారతదేశంలో అధికారిక క్రికెట్‌ను నడిపేది ఒకే ఒక్క సంస్థ. ఆ సంస్థ కాకుండా వేరే వాళ్లు దుకాణం తెరిస్తే ఏమవుతుందో 2007లో చూశాం. జీ టీవీ సుభాష్ చంద్ర ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టారు. అందులో హైదరాబాద్ హీరోస్ అని మన జట్టూ ఉండేది. మూడేళ్ల ముందు భారత అండర్-19 జట్టుకు కెప్టెన్‌గా ఉన్న అంబటి రాయుడు అందులో చేరాడు. బీసీసీఐ ఆ లీగ్‌లో ఆడిన ప్రతివాడికీ తన తలుపులు మూసేసింది, రంజీ కూడా లేకుండా చేసింది. లీగ్‌కు పెద్దగా నిలబడిన కపిల్ దేవ్‌కే జాతీయ క్రికెట్ అకాడమీ పదవి పోయింది, మామూలు కుర్రాళ్ల సంగతి చెప్పేదేముంది. 2009లో క్షమాభిక్ష అంటూ వెనక్కి పిలిచారు. క్షమాభిక్ష అన్న మాట వాడటంలోనే అంతా ఉంది, వేరేచోట పనిచేయడం నేరమైతే కదా క్షమించడానికి! రాయుడు భారత జట్టుకు ఆడేసరికి 2013 వచ్చింది. ఈ రోజుకీ మన పురుష క్రికెటర్లు విదేశీ లీగుల్లో ఆడాలంటే ముందు ఇక్కడి క్రికెట్‌కు సెలవు చెప్పాలి. ఆస్ట్రేలియావాడు ఐపీఎల్‌లో ఆడొచ్చు, దక్షిణాఫ్రికావాడు ఆడొచ్చు, మనవాడు బిగ్‌బాష్‌కు వెళ్లకూడదు. కొనేవాడు ఒక్కడే ఉన్న సంతలో రైతు పరిస్థితి ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

"పది జట్లు పోటీపడి పాడుతున్నాయి కదా, ఒక్కడే కొంటున్నాడంటారేమిటి" అని అడగొచ్చు. పాడేవాళ్లు పదిమందే, కానీ ఎంతవరకు పాడాలో ముందే కూడబలుక్కుని కూర్చున్నవాళ్లు. పర్సు పరిమితి ఉండటం జట్ల మధ్య సమతూకం కోసమని చెబుతారు, అందులో కొంత నిజం ఉంది. అమెరికాలోనూ పరిమితులున్నాయి. తేడా ఏమిటంటే అక్కడ పరిమితి రాబడికి ముడిపడి ఉంటుంది, దాని శాతం ఆటగాళ్ల సంఘంతో బేరమాడి రాసుకుంటారు. ఇక్కడ బేరానికి కూర్చునే సంఘమే లేదు. బోర్డు సంస్కరణల కోసం వేసిన లోధా కమిటీ సిఫార్సుల తర్వాత 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘంలో మాజీలకే చోటు, ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు లేదు. వ్యవసాయ కూలీ సంఘంలో పొలానికి వెళ్లడం మానేసినవాళ్లే సభ్యులుగా ఉండాలన్నట్టుంది ఇది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 1961 దాకా ఎంతటి ఆటగాడికైనా వారానికి £20 మించకూడదన్న నిబంధన ఉండేది. స్టేడియాలు కిక్కిరిసినా సరే అంతే. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడ్డాకే అది పోయింది. వెంటనే జానీ హేన్స్‌కు ఫుల్హామ్ వారానికి £100 ఇచ్చింది. హేన్స్ ఆట ఒక్క రాత్రిలో ఐదు రెట్లు పెరగలేదు. అతని ఆట విలువ అంతకుముందూ అంతే, మిగతా £80 వేరే జేబులోకి పోయేవి.

కింది మెట్టు మీద ఉన్న ఆటగాళ్లను చూస్తే ఈ మాట ఇంకా గట్టిగా తెలుస్తుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేశాడు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు, అతని జట్టు ఫైనల్‌కు వెళ్లింది. ఆ ఏడాది అతని ధర ₹20 లక్షలు. ఆఖరి ఓవర్లో ఐదు వరుస సిక్సర్లతో 2023లో దేశమంతా పేరు మోగించిన రింకూ సింగ్ ఆ సీజన్‌లోనూ, దాని తర్వాతి సీజన్‌లోనూ ₹55 లక్షలకే ఆడాడు. తర్వాత నితీశ్‌కు ₹6 కోట్లు, రింకూకు ₹13 కోట్లు ఇచ్చి జట్లు అట్టిపెట్టుకున్నాయి, నిజమే. ఆ కోట్లు శీర్షికలకెక్కాయి. కానీ వాటికి ముందు వాళ్లు చవగ్గా ఆడిన సీజన్లలో మిగిలిన తేడా ఎవరికి మిగిలిందో ఏ శీర్షికా చెప్పలేదు. దిగజారడం మాత్రం వెంటనే జరుగుతుంది. 2016లో ₹8.5 కోట్లు పలికిన పవన్ నేగి మరుసటి ఏడాదికి ఒక కోటికి దిగాడు. రికీ భుయ్ 2023-24 రంజీలో 902 పరుగులతో దేశంలోనే అందరికంటే ముందు నిలిచాడు. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఆ ఆంధ్ర బ్యాటరు ధర ₹20 లక్షలు. జెడ్డా వేలానికి పేర్లు ఇచ్చుకున్నవాళ్లు 1,574 మంది. అమ్ముడైనవాళ్లు 182. మిగతావాళ్లలో మనవాళ్లకు రంజీయే దిక్కు, అక్కడ తుది జట్టులో ఉంటే అనుభవాన్ని బట్టి రోజుకు ₹40,000 నుంచి ₹60,000. ఏడు లీగ్ మ్యాచ్‌లు, మ్యాచ్‌కు నాలుగు రోజులు. మొత్తం ఆడితే కొత్తవాడికి పదకొండు లక్షల చిల్లర. మోకాలు జారితే సున్నా. మామూలు ఉద్యోగంతో పోలిస్తే మంచి డబ్బేనంటారా? మంచిదే, పాతికేళ్లకు మొదలై ముప్పై రెండేళ్లకు ముగిసే ఉద్యోగానికి అది సరిపోతుందా అన్నది చూడాలి. పన్నెండేళ్ల వయసునుంచి చదువు వదిలి ఆటనే పట్టుకున్న వేలమందిలో ఆ మెట్టుదాకా వచ్చినవాడు అతను.

ఇక్కడ మన కోపానికి నిజంగా పనికొచ్చే విషయం ఒకటుంది. పర్సు స్థిరంగా ఉన్నప్పుడు పంత్‌కు పెరిగిన ప్రతి కోటీ యజమాని జేబులోంచి రాదు. అదే జట్టులోని పద్దెనిమిదో ఆటగాడి దగ్గర్నుంచి వస్తుంది. ₹120 కోట్లలో ₹27 కోట్లు ఒకడికి పోతే మిగిలిన ₹93 కోట్లను ఇరవై పైచిలుకు మంది పంచుకోవాలి. తారకు ఎక్కువ, కుర్రాడికి తక్కువ అని మనం బాధపడితే ఆ బాధ న్యాయమే. దానికి మందు తార ధరను తగ్గించడం కాదు, సంచి పెద్దది చేయడం. కనీస ధర ₹30 లక్షలను కోటి చేసినా యజమానుల వాటాకు పెద్ద గండి పడదు. "క్రికెటర్లకు ఎక్కువ ఇస్తున్నారు" అన్న ఊకదంపుడు మాట వల్లనే ఈ డిమాండ్ ఎవరి నోటా రాదు. ఎక్కువ తీసుకుంటున్నాడని లోకమంతా అనుకుంటున్నవాడు పెంపు అడిగితే వినేదెవరు?

దీనికి బోర్డు తరఫున చెప్పే గట్టి సమాధానం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అమెరికా లీగులు వ్యాపారాలు, బీసీసీఐ కాదు, ఐపీఎల్ మీద వచ్చినదాంతోనే రంజీ, మహిళల క్రికెట్, అండర్-19, రాష్ట్ర సంఘాలు, స్టేడియాలు నడుస్తున్నాయి, అందుకే ఆటగాళ్ల వాటా తక్కువ అంటారు. కొంతవరకు ఒప్పుకుంటాను. బోర్డు వాటా కొంత ఆటలోకే తిరిగి పోతుంది. కానీ ప్రసార రాబడిలో దాదాపు సగం పది ఫ్రాంచైజీలకు పంచుతారు. అంటే ఒక్కో ఫ్రాంచైజీకి టికెట్టు ఒకటి అమ్మకముందే ఏడాదికి నాలుగు వందల కోట్ల పైచిలుకు. అందులో ఆటగాళ్లకు గరిష్ఠంగా ₹146 కోట్లు. మిగిలినదాంతో ఫ్రాంచైజీలు అండర్-19 క్రికెట్ నడపడం లేదు. ఇంకో విషయం, ఆటను ప్రోత్సహించే సంస్థనని చెప్పుకుని బీసీసీఐ పన్ను మినహాయింపు కోరుతుంది. ఐపీఎల్‌తో డబ్బు వస్తున్నా ఆ స్వభావం పోలేదని 2021లో ముంబయి ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ దానికి అనుకూలంగానే చెప్పింది. అదే సొమ్ము ఆటగాడి ఖాతాలోకి వెళితే, కొత్త పన్ను విధానంలో రెండు కోట్లు దాటినవాడు పై మొత్తం మీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి 39 శాతం పన్ను కడతాడు. టీచర్ల జీతాల గురించి అంత దిగులుపడేవాళ్లు ఈ రెండు ఖాతాల్లో దేన్నుంచి ఖజానాకు ఎక్కువ వస్తుందో ఆలోచించాలి. ఇక రెండు నెలల పనికి ఇన్ని కోట్లా అనే ఆక్షేపణ. ఆ టీవీ డబ్బంతా కూడా ఆ రెండు నెలల్లోనే వస్తోంది కదా.

"ఆట ఆట కోసం ఆడాలి, డబ్బు కోసం కాదు" అనేవాళ్లు పాతరోజులను గుర్తుచేస్తారు. పాతరోజులు నిజంగా ఎలా ఉండేవో తెలుగువాడి పేరుతోనే చెప్పుకోవచ్చు. 1936లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లిన భారత జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు, కెప్టెన్ మాత్రం విజయనగరం మహారాజకుమార్ విజ్జీ. మూడు టెస్టుల్లో ఆయన మొత్తం పరుగులు 33. ఆ పర్యటనలోనే లాలా అమర్‌నాథ్‌ను మధ్యలో ఇంటికి పంపేశారు. ఆయనకు ఆ పదవి ఇప్పించింది బ్యాటు కాదు, హోదా, దాని వెనకున్న ధనం. ఆటగాడికి డబ్బు లేని రోజుల్లో ఆటను ప్రేమించే తీరిక డబ్బున్నవాళ్లకే ఉండేది, మిగతావాళ్లు వాళ్ల దయ మీద ఆడేవాళ్లు. ఇంగ్లండ్‌లో 1962 దాకా జీతం పుచ్చుకోనివాళ్లను జెంటిల్‌మెన్ అనీ, పుచ్చుకునేవాళ్లను ప్లేయర్స్ అనీ విడదీసి వాళ్ల మధ్యే మ్యాచ్ పెట్టేవాళ్లు. మన దగ్గర 1983లో ప్రపంచకప్ గెలిచి వచ్చిన జట్టుకు బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బు లేకపోతే ఢిల్లీలో లతా మంగేష్కర్ కచేరీ పెట్టి ₹20 లక్షలు పోగుచేశారు. ఒక్కో ఆటగాడికి లక్ష వచ్చింది. ఆ సంఘటనను మనం ఇప్పటికీ కళ్లు చెమర్చుకుంటూ చెప్పుకుంటాం. ప్రపంచ విజేతలకు చందా వసూలు చేసి ఇవ్వాల్సి రావడంలో ఏమంత అందముందో నాకు అర్థం కాదు. మహ్మద్ సిరాజ్ తండ్రి హైదరాబాద్‌లో ఆటో నడిపేవాడు. 2017లో సన్‌రైజర్స్ సిరాజ్‌ను ₹2.6 కోట్లకు తీసుకుంది. రాజుల దయ మీద ఆట నడిచిన రోజుల్లో ఆ ఇంటి కుర్రాడు టెస్టు జట్టు దాకా ఎలా వచ్చేవాడో పాతరోజుల ప్రేమికులు చెప్పాలి.

మిగతా ఆటల మాట ఏమిటి, రెజ్లరుకూ అథ్లెటుకూ ఏమీ లేదు కదా అంటారు. లేదు. అది వేరే అన్యాయం, క్రికెటరు దానికి కారణం కాదు. ఆ ఆటల్లో పతకం వచ్చాక ప్రభుత్వాలు కోట్లు, ప్లాట్లు, ఉద్యోగాలు ప్రకటిస్తాయి. పతకానికి ముందు పదేళ్లు ఫిజియోకూ, పాలకూ, బూట్లకూ అడిగేవాడిని పలకరించేవాళ్లు ఉండరు. ఈ లోటు తీర్చడానికి ఐపీఎల్ ధరలు తగ్గించనక్కర్లేదు. చూసేవాళ్లుంటే డబ్బు ఎలా వస్తుందో కబడ్డీ చూపించింది. 2014 ప్రొ కబడ్డీ తొలి వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు వచ్చిన ₹12.8 లక్షలు. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు ₹2.6 కోట్లు పెట్టింది. దాన్ని మాత్రం ఎవరూ ఎక్కువ అనలేదు, మట్టి ఆటకు మంచిరోజులొచ్చాయన్నారు. ఇక మహిళల ప్రీమియర్ లీగ్. 2023లో ఐదు జట్లకు ఒక్కోటికి ₹12 కోట్ల పర్సు, మొత్తం ₹60 కోట్లు. ఐదేళ్ల ప్రసార హక్కులు ₹951 కోట్లు, ఏడాదికి ₹190 కోట్లు. ఆడపిల్లలకు టీవీ రూపాయిలో ముప్పై పైసలకు పైగా వస్తోంది. అప్పుడే మొదలైన లీగ్ అంత వాటా ఇచ్చి నిలబడగలిగినప్పుడు, దానికి దాదాపు యాభై రెట్లు ప్రసార ధర పలికే లీగ్ సగం వాటా ఇవ్వడానికి ఎందుకు తటపటాయిస్తోంది?

క్రికెటర్లను నేను దేవుళ్లను చేయడం లేదు. పాన్ మసాలా పేరు మార్చి యాలకుల ప్రకటనలో నటించే తారను తిట్టండి, నేనూ తోడు వస్తాను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించేదాకా ఆ యాప్‌ల తరఫున పల్లెటూరి కుర్రాళ్లకు కలలమ్మిన వాళ్లలోనూ మన అభిమాన ఆటగాళ్లు ఉన్నారు. ఆ డబ్బు ఎక్కువే, పైసా ఇచ్చినా ఎక్కువే. కానీ అది ఆటకిచ్చే కూలి కాదు, మొహం అద్దెకిచ్చుకుని తెచ్చుకున్నది. రెంటినీ కలిపి ఒక్కటే కోపంగా పారబోసుకుంటే, అడగాల్సిన చోట అడగడానికి మనలో ఏమీ మిగలదు.

2025 డిసెంబరు చిన్న వేలంలో కోల్‌కతా ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ గ్రీన్‌ను ₹25.20 కోట్లకు పాడుకుంది. మళ్లీ అదే గొణుగుడు. కానీ చిన్న వేలంలో విదేశీ ఆటగాడికి ₹18 కోట్లు మించకూడదన్న నిబంధన ఉంది. గ్రీన్‌కు వెళ్లేది ఆ ₹18 కోట్లే. మిగిలిన ₹7.20 కోట్లు ఆటగాళ్ల సంక్షేమం పేరిట బోర్డుకు వెళతాయి. అంటే ఒక యజమాని తన ఇష్టంతో, తన డబ్బుతో, ఈ మనిషి నాకు ఇంత విలువ అని చెప్పినా ఆ విలువ ఆ మనిషికి చేరదు. ప్రస్తుత ప్రసార హక్కుల గడువు 2027 సీజన్‌తో ముగుస్తుంది. ఆ తర్వాతి ఐదేళ్ల రేటు ఎంతో, అందులో పర్సు ఎంతో తేల్చే గదిలో బోర్డు ఉంటుంది, ఫ్రాంచైజీలు ఉంటాయి, టీవీ కంపెనీలు ఉంటాయి. ఆ గదిలో ఆటగాళ్ల కోసం వేసిన కుర్చీ ఇంతవరకు లేదు.